ఆపరేషన్ ఆయనకు, సందేహాలు ఆమెకు

ఇక పిల్లలు పుట్టకుండా చేసే వేసెక్టమీ ఆపరేషన్ మగవాళ్లకే అయినా, దాని గురించి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ ఆడవాళ్లవే. భర్తను ఎలా ఒప్పించాలని అడిగేవాళ్లు కొందరు. ఆయన సిద్ధపడినా తామే వద్దన్నామని, అది సరైన పనేనా అని అడిగేవాళ్లు ఇంకా ఎక్కువమంది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే కేటాయించాం. ఉత్తరాలను కుదించి, రాసినవారి వివరాలు తీసేశాం. జవాబులు ఒక గైనకాలజిస్టు, ఒక యూరాలజిస్టు కలిసి రాశారు.

ప్రశ్న: మాకు ఇద్దరు పిల్లలు, ఇక చాలనుకున్నాం. ఆపరేషన్ తానే చేయించుకుంటానని మా ఆయన అంటున్నారు. ఆయనది రోజంతా బరువులెత్తే పని. ఈ ఆపరేషన్ అయ్యాక మగవాళ్లు నీరసించిపోతారని మా అమ్మా, అత్తయ్యా ఇద్దరూ అంటున్నారు. సంపాదించే మనిషి మంచాన పడితే ఇల్లెలా గడవాలి? అందుకే నేనే చేయించుకుంటానని పట్టుబడుతున్నాను.

జవాబు: మీ పెద్దవాళ్లది చాలా పాత భయం. పశువులకు విత్తులు కొట్టడం, మగవాళ్లకు వేసెక్టమీ చేయడం ఒకటేనన్న అపోహ చాలామందిలో ఉంది. నిజానికి ఆ రెండింటికీ పోలికే లేదు.

వృషణాలు రెండు పనులు చేస్తాయి. వీర్యకణాలను తయారుచేస్తాయి, టెస్టోస్టెరాన్ అనే హార్మోన్‌నూ తయారుచేస్తాయి. కండబలం, గొంతు, గడ్డం మీసం, కోరిక అన్నీ ఆ హార్మోన్ చలవే. అది వృషణంలోని రక్తనాళాల ద్వారా నేరుగా రక్తంలో కలిసిపోతుంది. వీర్యకణాల దారి వేరు. అవి వీర్యవాహిక అనే సన్నని గొట్టం గుండా పైకి వెళ్తాయి. ఒక్కో వైపు ఒక్కటి చొప్పున ఉండే ఈ గొట్టం మందం 2 నుంచి 3 మిల్లీమీటర్లు, పొడవు అడుగు పైచిలుకు. వేసెక్టమీలో తెంపేది దీన్నే. వృషణం జోలికి పోరు, దానికి వెళ్లే రక్తనాళాలను కదిలించరు. కాబట్టి హార్మోన్ ముందు ఎంత ఉందో తర్వాతా అంతే ఉంటుంది. వీర్యకణాలు తయారవుతూనే ఉంటాయి, కానీ బయటికి దారి లేక అక్కడే విరిగిపోతాయి. వాటిని శరీరం పీల్చేసుకుంటుంది. అవి పేరుకుపోయి సంచి ఉబ్బుతుందేమోనని కూడా కొందరు రాశారు. అలా జరగదు.

ఇప్పుడు ఎక్కువగా చేస్తున్నది కోతా కుట్టూ లేని పద్ధతి. చైనాకు చెందిన డాక్టర్ లీ షున్‌చియాంగ్ 1974లో దీన్ని రూపొందించారు. వృషణాల సంచి మీద చర్మానికి, వీర్యవాహిక చుట్టూ లిడోకైన్ మత్తు సూది ఇస్తారు. డాక్టరు వేళ్లతో తడిమి గొట్టాన్ని చర్మం కిందికి తెచ్చి, కొన గుండ్రంగా ఉండే పట్టకారుతో పట్టుకుంటారు. మొన సూదిగా ఉన్న ఇంకో పరికరంతో చర్మాన్ని గుచ్చి, ఆ రంధ్రాన్ని కొద్దిగా సాగదీస్తారు. సెంటీమీటరు కూడా ఉండని ఆ రంధ్రంలోంచి గొట్టాన్ని మెలికలా బయటికి లాగి, చిన్న ముక్క కత్తిరించి, కొసలను కాల్చడమో ముడేయడమో చేస్తారు. తర్వాత గొట్టం చుట్టూ ఉండే పలుచని పొరను ఒక కొస మీదికి లాగి, రెండు కొసలకూ మధ్య అడ్డుగోడలా కడతారు. రెండో వైపూ ఇంతే. మొత్తం 15, 20 నిమిషాల పని. మనిషి మెలకువగానే ఉంటాడు, కాసేపు కూర్చుని నడిచి ఇంటికి వెళ్తాడు.

ఇక పని సంగతి. రెండు రోజులు పూర్తి విశ్రాంతి కావాలి. కూర్చుని చేసే పనైతే మూడో రోజు మొదలుపెట్టవచ్చు. మీ ఆయనది బరువుల పని కాబట్టి కనీసం వారం ఆగాలి, పది రోజులైతే ఇంకా మంచిది. బరువెత్తేటప్పుడు పొత్తికడుపు బిగుసుకుంటుంది. అప్పుడే మూతపడిన చిన్న రక్తనాళం తెరుచుకుందంటే సంచి లోపల రక్తం గడ్డకడుతుంది. 'ఆపరేషన్ వల్ల పనికిరాకుండా పోయాడు' అనిపించుకున్నవాళ్లలో కొందరు ఇలా తొందరపడి మూడో రోజే బరువు భుజానికెత్తుకున్నవాళ్లే. ఆ పది రోజుల సంపాదన లేకుండా గడిచే సమయం చూసుకుని తేదీ పెట్టించుకోండి.

ఆయనకు హెర్నియా, వరిబీజం ఉన్నా, అక్కడ ఇదివరకు ఆపరేషన్ జరిగినా, షుగరున్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా ముందే డాక్టరుకు చెప్పాలి. బరువులెత్తేవాళ్లలో హెర్నియా ఉండీ పట్టించుకోనివాళ్లు చాలామంది.

చివరగా ఒక్క మాట. మీరు చేయించుకుంటే పొట్ట లోపలికి వెళ్లాలి. మీకూ విశ్రాంతి కావాలి. పిల్లల్ని ఎత్తుకోవడం, నీళ్లు మోయడం కూడా బరువులే కదా. ఆ లెక్క కూడా వేసుకోండి.

ప్రశ్న: ఇది అడగడానికి సిగ్గుగా ఉంది. ఆపరేషన్ తర్వాత వీర్యం రాదంటారు, నిజమేనా? దాంపత్యం మునుపటిలా ఉంటుందా?

జవాబు: వస్తుంది. వీర్యంలో మూడింట రెండు వంతులు సెమినల్ వెసికిల్స్ అనే సంచుల్లోంచి, మిగిలినదాంట్లో చాలా భాగం ప్రోస్టేట్ గ్రంథి నుంచి వస్తుంది. ఇవి రెండూ తెంపిన చోటికి పైన ఉంటాయి. వృషణాల వైపు నుంచి వచ్చేది 2 నుంచి 5 శాతమే. ఆ కాస్త తగ్గితే ఆయనకూ తెలియదు, మీకూ తెలియదు. రంగు, చిక్కదనం మారవు. అంగస్తంభనకు కావలసిన నరాలు, రక్తనాళాలు ఈ దారిలోనే లేవు.

మారేది ఏదైనా ఉంటే అది భయం. గర్భం వస్తుందేమోనని నెలనెలా తేదీలు లెక్కపెట్టుకునే భార్యకు ఆ బెంగ తీరాక దాంపత్యం మెరుగైందని చెప్పేవాళ్లే ఎక్కువ. ఆపరేషన్ తర్వాత నిజంగానే పటుత్వం తగ్గిందనిపిస్తే షుగరు, బీపీ, తాగుడు, వాడుతున్న మందులు, మనసులోని బెంగ చూడాలి. 'నేనిప్పుడు మునుపటి మగాణ్ని కాను' అన్న అనుమానం ఒక్కటే చాలు, కొన్నాళ్లు ఇబ్బంది పెట్టడానికి. ఆ సమయంలో మీరు ఎగతాళిగా అన్న మాట కూడా బలంగా తగులుతుంది.

ప్రశ్న: మా ఆయనకు వేసెక్టమీ అయ్యి 4 నెలలు. ఇప్పుడు నాకు 9వ వారం అని స్కానింగ్‌లో చెప్పారు. ఇంట్లో అందరూ నన్ను అదోలా చూస్తున్నారు. ఆయన పైకి ఏమీ అనరు కానీ మాట్లాడటం తగ్గించారు. మొన్న వెళ్లి పరీక్ష చేయించుకుంటే వీర్యకణాలు లేవని వచ్చింది. దాంతో నా పరిస్థితి మరీ ఘోరమైంది. నేనే తప్పూ చేయలేదు.

జవాబు: ఈ జవాబు మీ ఆయన కూడా చదవాలి. ముందుగా తేదీల లెక్క చూద్దాం.

స్కానింగ్‌లో చెప్పే వారాలను చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. గర్భం నిలిచేది దాదాపు రెండు వారాల తర్వాత. అంటే 9వ వారం అన్నారంటే గర్భం నిలిచి సుమారు 7 వారాలు. ఆపరేషన్ అయ్యి 4 నెలలు, అంటే 17 వారాలు. ఈ లెక్కన ఆపరేషన్ అయిన పదో వారం ప్రాంతంలో గర్భం నిలిచింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది, వేసెక్టమీ తర్వాత 3 నెలలు, అంటే 12 వారాలు తప్పనిసరిగా వేరే జాగ్రత్త వాడాలని. మీకు గర్భం నిలిచింది ఆ గడువు లోపలే.

ఆ గడువు ఎందుకంటే, గొట్టాన్ని తెంపేది కింద. తెంపిన చోటికి పైన, అప్పటికే బయల్దేరిన వీర్యకణాలు నిలవ ఉంటాయి. ఒక్కో స్ఖలనంతో కొన్ని చొప్పున బయటికి పోతూ, మిగిలినవి నశిస్తూ రావాలి. '20 సార్లు అయితే చాలు' అని పూర్వం చెప్పేవారు. కొందరికి 20 సార్లయినా ఖాళీ కావు, అందుకే ఇప్పుడు ఆ లెక్కను నమ్మి ఊరుకోమని చెప్పం. చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఇదే. కుట్టూ కోతా మానింది కదా, ఇక భయం లేదనుకుంటారు. డాక్టరు నిరోధ్ వాడమని చెప్పినా మొదటి నెల వాడి వదిలేస్తారు.

ఇప్పుడు ఆ రిపోర్టు సంగతి. ఈ రోజు వీర్యకణాలు లేవంటే ఈ రోజు లేవని మాత్రమే. 7 వారాల కిందట ఉన్నాయా లేవా అన్నది ఆ కాగితం చెప్పదు. మిమ్మల్ని అనుమానించడానికి దాన్ని ఆధారంగా చూపడం పూర్తిగా తప్పు. ఆపరేషన్ సరిగానే జరిగింది, కానీ పైన మిగిలిన కణాలు ఖాళీ కాకముందే కలిశారు అన్నదానికి ఆ రిపోర్టు చక్కగా సరిపోతుంది. ఇంత చెప్పినా మనసు కుదుటపడకపోతే బిడ్డ పుట్టాక చేసే డీఎన్ఏ పరీక్ష ఒక్కటే తేలుస్తుంది. మా సలహా మాత్రం, ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లి ఈ తేదీలన్నీ ముందు పెట్టి మాట్లాడమని. ఆ మాట డాక్టరు నోటి నుంచి ఆయన వినాలి. వీలైతే అత్తగారిని కూడా తీసుకెళ్లండి.

గడువు దాటాక, పరీక్షలో కణాలు లేవని తేలాక కూడా గర్భం రావడం చాలా అరుదు. 2,000 మందిలో ఒకరికి అలా జరగవచ్చు. తెంపిన రెండు కొసల మధ్య ఏర్పడే చిన్న గడ్డలో సన్నని దారులు పడి, గొట్టం తనంతట తాను కలుసుకుంటుంది. మధ్యలో పొర అడ్డం వేసేది దీన్ని ఆపడానికే. ఆపరేషన్‌లో ఒకే గొట్టాన్ని రెండుసార్లు తెంపి రెండోదాన్ని వదిలేయడం, పుట్టుకతోనే ఒక వైపు రెండు గొట్టాలుండటం కూడా ఉన్నాయి కానీ అవి మరీ అరుదు.

వేసెక్టమీకి భార్య వద్దనడానికి 'విఫలమైతే నింద నా మీద పడుతుంది' అన్న భయం పెద్ద కారణం. అది అర్థంలేని భయం కాదని మీ ఉత్తరమే చెబుతోంది. దానికి మందు మూడు నెలల తర్వాత చేయించే పరీక్ష. ఆ రిపోర్టు చేతికి వచ్చేదాకా ఆపరేషన్ పూర్తయినట్టు లెక్క కాదని చదివేవాళ్లందరూ గుర్తుపెట్టుకోండి.

ఈ గర్భాన్ని ఏం చేయాలన్నది మీ నిర్ణయం. ఏదైనా ఆలస్యం చేయకుండా ఈ వారమే గైనకాలజిస్టుతో మాట్లాడండి.

ప్రశ్న: నాకు రెండో కాన్పు కూడా సిజేరియనే అంటున్నారు. అప్పుడే నాకు ఆపరేషన్ చేయించేస్తే సరిపోతుందా, లేక తర్వాత ఆయనకు చేయిస్తే మంచిదా?

జవాబు: సిజేరియన్ ఎలాగూ తప్పదంటే ఆ సమయంలో ట్యూబులు కూడా తీసేయించుకోవడం తెలివైన పనే. పొట్ట తెరిచే ఉంటుంది, మత్తు ఇచ్చే ఉంటుంది, అదనంగా పట్టేది కొద్ది నిమిషాలు. వేసెక్టమీ తేలికైన ఆపరేషన్ కాబట్టి ప్రతి ఇంట్లోనూ అదే సరైనదని మేం చెప్పం. కానీ ఆ నిర్ణయం నొప్పులు పడుతూ బల్ల మీద తీసుకునేది కాకూడదు. గర్భం ఉండగానే తీరిగ్గా ఆలోచించి చెప్పాలి. పుట్టే బిడ్డ ఆరోగ్యం గురించి సందేహం ఏదైనా ఉంటే అప్పుడు ఆపరేషన్ వద్దనడమే మంచిది.

మామూలు కాన్పయినా, కాన్పయి చాలా రోజులైనా లెక్క మారుతుంది. అప్పుడు మీ ఆపరేషన్ కోసం ప్రత్యేకంగా పొట్టలోకి వెళ్లాలి. పేగుకో, మూత్రాశయానికో, రక్తనాళానికో దెబ్బ తగిలే అవకాశం కొద్దిగానైనా ఉంటుంది, మత్తు వల్ల వచ్చే ఇబ్బందులు వేరు. వేసెక్టమీలో ఈ ప్రమాదాలేవీ లేవు.

విఫలమయ్యే అవకాశం కూడా చూడండి. అమెరికాలో పది వేలకు పైగా స్త్రీలను ఏళ్ల తరబడి గమనించి 1996లో వెలువరించిన అధ్యయనంలో, ట్యూబెక్టమీ అయిన 10 ఏళ్లలో 1,000 మందిలో 18 మందికి పైగా మళ్లీ గర్భం వచ్చింది. కాన్పయిన వెంటనే ట్యూబు ముక్క కత్తిరించినవాళ్లలో మాత్రం అది 7 లేదా 8. ఆడవాళ్ల ఆపరేషన్ విఫలమైతే ఇంకో చిక్కు ఉంది. గర్భం ట్యూబులోనే నిలిచే ప్రమాదం ఉంటుంది, అది ప్రాణం మీదికి తెస్తుంది. వేసెక్టమీ విఫలమైతే వచ్చే గర్భానికి ఆ అదనపు ప్రమాదం లేదు.

గుండె జబ్బు వంటి కారణాలతో మీకు గర్భమే ప్రమాదమైతే, రక్షణ మీ ఒంట్లోనే ఉండాలనుకోవడం సబబే.

ప్రశ్న: 'ఆడదానివి నువ్వుండగా వాడికెందుకు కోత?' అంటున్నారు మా అత్తగారు. మా ఆయన మధ్యలో నలిగిపోతున్నారు. నాకు మాత్రలు పడవు, కాపర్ టీ వేయిస్తే రక్తస్రావం ఆగక తీయించేశాను.

జవాబు: మీ అత్తగారిలా ఆలోచించేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. ఐక్యరాజ్యసమితి 2019 అంచనా ప్రకారం 21.9 కోట్ల మంది స్త్రీలు తమకు జరిగిన ఆపరేషన్ మీద ఆధారపడుతుంటే, భర్త వేసెక్టమీ మీద ఆధారపడేవాళ్లు 1.6 కోట్ల మందే. వైద్యపరంగా ఈ తేడాకు కారణం కనిపించదు. కెనడా, బ్రిటన్, న్యూజిలాండ్, భూటాన్‌లలో స్త్రీల ఆపరేషన్ల కన్నా వేసెక్టమీలు ఎక్కువన్న లెక్కలున్నాయి. అక్కడి మగవాళ్లేమీ మంచాన పడలేదు.

మీరు ఇప్పటికే మాత్రలు, కాపర్ టీ రెండూ భరించి చూశారు. కాన్పులూ మీవే. కాబట్టి వాదన అవసరం లేదు, 'నా వంతు అయిపోయింది' అని నెమ్మదిగా చెప్పండి చాలు. కానీ మాట నడవాల్సింది మీ ఇద్దరి మధ్య. ఆపరేషన్‌కు ఒప్పుకోవాల్సింది ఆయనే. ఆపరేషన్‌కు ముందు డాక్టరు ఆయనతో ఒంటరిగా మాట్లాడి 'ఇది మీ ఇష్టమేనా?' అని అడగడం మంచి పద్ధతి. ఎవరి బలవంతం మీదో వచ్చినవాళ్లే తర్వాత ప్రతి నొప్పినీ ఆపరేషన్ మీదకు నెడతారు. ఆపరేషన్ ముందు ఒకసారి మీరూ డాక్టరు దగ్గరికి వెళ్లండి. చాలా ఇళ్లలో భర్త విన్నది సగం, ఇంటికొచ్చి చెప్పేది పావు.

ప్రశ్న: గర్భం భయం లేకపోతే బయట తిరుగుతాడేమోనని నా భయం. తప్పా?

జవాబు: తప్పు కాదు, చాలామందికి ఉంటుంది. కానీ తిరగాలనుకున్నవాడికి నిరోధ్ ఎప్పుడూ దొరుకుతుంది. అతన్ని ఆపేది గర్భం భయం కాదు. ఆయన మీద నమ్మకమే లేదంటే ఆ సంగతి ఆపరేషన్‌తో సంబంధం లేకుండా తేల్చుకోవాలి, అప్పుడు మీ చేతిలో ఉండే పద్ధతి ఎంచుకోవడం మేలు. సుఖవ్యాధులను, హెచ్ఐవీని వేసెక్టమీ ఆపదు, దానికి నిరోధే.

ప్రశ్న: వచ్చే వారం మా ఆయనకు ఆపరేషన్. ఇంటికి వచ్చాక ఏం చూసుకోవాలి? ఎప్పుడు కంగారుపడాలి?

జవాబు: ఆ రోజు ఉదయం స్నానం చేసి, వృషణాల సంచి మీది వెంట్రుకలు కత్తిరించుకుని వెళ్లాలి. బిగుతైన కొత్త డ్రాయరు తీసుకెళ్లి, ఆపరేషన్ అయిన వెంటనే వేసుకోవాలి. సంచి వేలాడకుండా పైకి ఆనించి ఉంచడమే సగం వైద్యం. కనీసం రెండు మూడు రోజులు రాత్రి కూడా తీయకూడదు, వారం పాటు వేసుకుంటే ఇంకా సుఖం.

మొదటి రోజు ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి, 15, 20 నిమిషాలు పెట్టి, గంటసేపు విరామమిచ్చి మళ్లీ పెట్టండి. ఐసు నేరుగా చర్మానికి తగలకూడదు. నొప్పికి పారాసిటమాల్ చాలు. ఆస్పిరిన్ వద్దు, రక్తస్రావం పెరుగుతుంది. రెండు రోజులు అక్కడ తడవనివ్వకండి. తర్వాత స్నానం చేయవచ్చు కానీ రుద్దకూడదు. వారం దాకా కలయిక, సైకిలు, బరువులు వద్దు. మొదటి ఒకటి రెండు స్ఖలనాల్లో కొద్దిగా ఎరుపు కనిపిస్తే భయపడనక్కర్లేదు.

సంచి చర్మం నల్లగా, నీలంగా మారి, ఆ రంగు తొడల దాకా దిగడం చూసి చాలామంది హడలిపోతారు. చర్మం కింద పారిన కొద్ది రక్తం అది. మెత్తగా ఉండి, వాపు పెరగకపోతే రెండు వారాల్లో పసుపురంగుకు తిరిగి పోతుంది. కంగారు పడాల్సినవి వేరే. ఆపరేషన్ అయిన కొద్ది గంటల్లోనే సంచి గట్టిగా, నిమ్మకాయంత దాటి పెరిగిపోతూ ఉండటం, జ్వరం 100.4 డిగ్రీలు దాటడం, చీము, మూడో రోజు తర్వాత నొప్పి తగ్గకపోగా పెరగడం. వీటిలో ఏది కనిపించినా ఆ రాత్రే తీసుకెళ్లండి, తెల్లవారనివ్వకండి. రక్తం గడ్డకట్టడం, చీము పట్టడం వందలో ఒకరిద్దరికి జరుగుతుంది.

కొన్ని వారాల తర్వాత బఠాణీ గింజంత గడ్డ చేతికి తగలవచ్చు. తెంపిన కొస నుంచి కారిన వీర్యకణాల చుట్టూ ఏర్పడేది, చాలావరకు తనే కరుగుతుంది. నెలల తరబడి వదలని నొప్పి, రోజువారీ పనికి అడ్డమయ్యేంతగా, వందలో ఒకరిద్దరికి ఉంటుంది. ఇది ముందే చెప్పకుండా 'ఏమీ ఉండదు' అనేసే డాక్టర్ల వల్లే తర్వాత ఆపరేషన్‌కు చెడ్డపేరు వస్తోంది. అలాంటి నొప్పికి మందులున్నాయి, వాటితో తగ్గకపోతే ఆపరేషన్ మార్గాలూ ఉన్నాయి. ఓర్చుకుని ఊరుకోవద్దు.

ప్రశ్న: రేపు పిల్లలకు ఏమైనా అయితే? మళ్లీ కలిపించుకోవచ్చంటారు కదా?

జవాబు: కలపవచ్చు, బిడ్డ పుడతాడన్న హామీ లేదు. మైక్రోస్కోపు కింద, వెంట్రుక కన్నా సన్నని దారంతో చేసే ఆపరేషన్ అది, వేసెక్టమీలా 20 నిమిషాల్లో అయ్యేది కాదు. 1991లో అమెరికాలో వెలువడిన పెద్ద అధ్యయనంలో, వేసెక్టమీ అయ్యి 3 ఏళ్లు నిండకముందే కలిపించుకున్నవాళ్లలో 97 శాతం మందికి వీర్యకణాలు తిరిగి కనిపించాయి, కానీ 76 శాతం జంటలకే గర్భం వచ్చింది. 3 నుంచి 8 ఏళ్లయితే గర్భం 53 శాతానికి, 9 నుంచి 14 ఏళ్లయితే 44 శాతానికి, 15 ఏళ్లు దాటితే 30 శాతానికి తగ్గింది. అప్పటికి మీ వయసూ పెరిగి ఉంటుంది, అది ఇంకో అడ్డు.

ఈ ప్రశ్న మనసులో తిరుగుతూ ఉందంటే ఇప్పుడే చేయించకండి. కాపర్ టీ 10 ఏళ్ల దాకా పనిచేస్తుంది. చిన్న బిడ్డకు ఏడాది నిండేదాకా ఆగుదామనుకున్నా నష్టం లేదు.

ప్రశ్న: దీనివల్ల ప్రోస్టేట్ క్యాన్సర్, గుండె జబ్బు వస్తాయని విన్నాను.

జవాబు: 1970ల చివర్లో కోతుల మీద చేసిన ప్రయోగాల వల్ల గుండె సంగతి, 1993లో వచ్చిన రెండు అధ్యయనాల వల్ల క్యాన్సర్ సంగతి ప్రచారమయ్యాయి. తర్వాత మనుషుల మీద జరిగిన పెద్ద అధ్యయనాల్లో గుండె జబ్బుతో సంబంధం కనిపించలేదు. ప్రోస్టేట్ క్యాన్సర్ విషయంలో కొన్నిటిలో చాలా స్వల్పమైన తేడా, కొన్నిటిలో అసలేమీ లేదు. వేసెక్టమీయే కారణమని తేలలేదు.

ప్రశ్న: ఆపరేషన్ అయ్యి 3 నెలలు దాటింది. పరీక్షకు వెళ్లమంటే మా ఆయన సిగ్గుపడుతున్నారు. అక్కడ గదిలో కూర్చుని ఇవ్వడం తన వల్ల కాదంటున్నారు. పరీక్ష లేకపోతే ఏమవుతుంది?

జవాబు: ఏమవుతుందో పైన ఒక సోదరి రాసిన ఉత్తరంలో ఉంది. ఇంట్లోనే నమూనా ఇవ్వవచ్చు, ఆయనకు ఆ సంగతి చెప్పండి.

ల్యాబు నుంచి వెడల్పు మూతి ఉన్న శుభ్రమైన డబ్బా ముందు రోజే తెచ్చుకోండి. నమూనాకు ముందు కనీసం రెండు రోజులు కలయిక లేకుండా ఉండాలి. సబ్బు, నూనె వాడకుండా, మొదటి చుక్క నుంచీ మొత్తం డబ్బాలోనే పట్టాలి. మామూలు నిరోధ్‌లో పట్టి తీసుకెళితే దానికి పూసిన పదార్థాల వల్ల కణాలు చచ్చిపోయి, ఫలితం తప్పుగా వస్తుంది. మూత బిగించి, పేరు, తేదీ, సమయం రాసి, చొక్కా లోపలి జేబులో ఒంటి వెచ్చదనం తగిలేలా పెట్టుకుని గంటలోపు ల్యాబుకు చేర్చాలి. ఫ్రిజ్‌లో పెట్టవద్దు. కావాలంటే మీరే తీసుకెళ్లి ఇవ్వవచ్చు. 'వేసెక్టమీ తర్వాత పరీక్ష' అని చీటీ మీద రాయించండి. అలా రాస్తే ఒకటీ అరా కణాల కోసం కూడా జాగ్రత్తగా వెతుకుతారు.

రిపోర్టులో కణాలు లేవని ఉంటే మిగతా జాగ్రత్తలు మానేయవచ్చు. కదలని కణాలు మిల్లీలీటరుకు లక్ష లోపు ఉన్నా సరిపోతుందని ఇప్పటి ప్రమాణం. కదిలే కణం ఒక్కటి కనిపించినా నిరోధ్ కొనసాగిస్తూ, 4 నుంచి 6 వారాలకోసారి మళ్లీ పరీక్ష చేయించాలి. 6 నెలలు దాటినా కదిలేవి ఉన్నాయంటే ఆపరేషన్ విఫలమైనట్టే, మళ్లీ చేయించాలి.